కత్తి పట్టిన చేతితో పునీతులను చిత్రించినవాడు

రోము నగరంలో ఫ్రెంచి దేశస్థుల కోసం కట్టిన పునీత లూయీ గారి దేవాలయం ఒకటి ఉంది. లోపల ఎడమవైపున, పెద్ద బలిపీఠానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న ప్రార్థనాలయంలో మూడు పెద్ద తైలవర్ణ చిత్రాలు కనిపిస్తాయి. మూడూ సువార్తికుడైన పునీత మత్తయి గారి జీవితానికి సంబంధించినవే. దివంగత ఫ్రాన్సిస్ పాపుగారు అర్జెంటీనాలో మేత్రాణులుగా ఉన్న రోజులలో రోముకు వచ్చినప్పుడు తరచుగా ఆ గుడికి వెళ్ళి, మత్తయి పిలుపు పటం ముందు నిలబడి ధ్యానించేవారట. పాపుగారైన తరువాత 2013లో ఒక ముఖాముఖిలో ఈ సంగతి వారే చెప్పారు.

ప్రియ పాఠకులారా, ఆ పటం గీసినవాడు మఠవాసి కాడు. భక్తుడని పేరు పొందినవాడు అసలే కాడు. రోము వీధిలో కత్తి దూసి ఒక మనిషిని చంపి, మరణశిక్ష తలపై మోస్తూ ఊరూరా తిరిగి, 38 ఏళ్ళ వయసులో ఒక సముద్రపు ఒడ్డున జ్వరంతో చనిపోయినవాడు. అతడి అసలు పేరు మికెలాంజెలో మెరీసి. సిస్టీన్ ప్రార్థనాలయం కప్పు మీద బొమ్మలు వేసిన మహా కళాకారుడు మికెలాంజెలో వేరు, ఇతడు వేరు. అతడు చనిపోయిన ఏడేళ్ళకు ఇతడు పుట్టాడు. ఆ పెద్దాయన పేరుతో కలిసిపోకుండా లోకం ఇతణ్ణి అతడి కుటుంబపు ఊరి పేరుతోనే పిలిచింది. ఆ ఊరు ఉత్తర ఇటలీలోని కరవాజ్జో.

1571 సెప్టెంబరు 29న, అతిదూత మిఖాయేలు గారి పండుగ నాడు, మిలాను నగరంలో పుట్టాడు. అందుకే ఆ పేరు. తండ్రి ఫెర్మో మెరీసి ఆ ప్రాంతపు జమీందారు వంటి ప్రభువు ఇంట్లో వ్యవహారాలు చూసేవాడు. బిడ్డకు ఐదేళ్ళ వయసులో మిలానుకు మహమ్మారి వచ్చింది. పాలకులు ఊరు విడిచి పోతే, అక్కడి అగ్రపీఠాధిపతి పునీత చార్లెస్ బొరోమియో గారు కదలక అక్కడే ఉండి, మెడలో తాడు వేసుకొని, వట్టి కాళ్ళతో వీధులలో ప్రదక్షిణ నడిపించిన రోజులవి. 1577లో ఆ జబ్బు మెరీసి కుటుంబంలో తండ్రినీ తాతనూ తీసుకుపోయింది. తల్లి లూచియా పిల్లలను ఒంటరిగా పెంచింది. ఆమె కూడా 1590లో కన్నుమూసింది. ఇరవై ఏళ్ళైనా నిండకముందే అతడు తల్లీ తండ్రీ లేనివాడయ్యాడు. అతడి పటాలలో సమాధులు, శవాలు, దుఃఖపడే ముఖాలు అంత నిజంగా ఉండడానికి ఈ బాల్యం ఒక కారణమని చాలామంది చెబుతారు. అదొక్కటే కారణమైతే మహమ్మారి నుండి బయటపడ్డ పిల్లలందరూ చిత్రకారులు కావాలి కదా!

1584లో, పదమూడేళ్ళైనా నిండని వయసులో, సిమోనె పెతెర్సానో అనే చిత్రకారుడి దగ్గర నాలుగేళ్ళ శిష్యరికానికి కుదిర్చారు. తరువాత తన వాటాకు వచ్చిన కొద్దిపాటి ఆస్తి అమ్ముకొని రోము చేరాడు. మొదట్లో తిండికే కటకట. చేజారి అనే పేరున్న చిత్రకారుడి పనిశాలలో కొన్ని నెలలు పువ్వులూ పండ్లూ వేసి పెట్టాడు. పండ్లు వేయడమంటే చిన్నపని అని ఆనాటి గొప్ప చిత్రకారుల అభిప్రాయం. మంచి పువ్వుల పటం వేయడానికి మనుషుల పటం వేయడానికి పడేంత శ్రమా పడాలని ఇతడి వాదన. మిలానులో ఇప్పటికీ ఉన్న అతడి పండ్ల బుట్ట చిత్రం చూస్తే ఆ వాదన అర్థమవుతుంది. అందులో ఆపిల్ పండుకు పురుగు తొలిచిన రంధ్రం ఉంటుంది. ద్రాక్షాకులు కొన్ని ఎండి ముడుచుకుపోయాయి. ఏ అంగడివాడూ ముందు వరుసలో పెట్టని పండు అది. దానిని దగ్గర ఉంచుకొని ఆనందించినవారు పునీత చార్లెస్ గారి పినతండ్రి కుమారుడైన కార్డినల్ ఫెదెరీకో బొరోమియో గారు.

అతడికి స్ఫూర్తి ఎక్కడిది? ఆ కాలంలో చిత్రకళ నేర్చేవారు పురాతన గ్రీకు శిల్పాలను చూసి గీయడం నేర్చుకొనేవారు. బెల్లోరి అనే జీవిత చరిత్రకారుడు ఒక ముచ్చట రాశాడు. నువ్వూ అలాగే నేర్చుకోమని ఎవరో ఆ ప్రాచీన విగ్రహాలను చూపిస్తే, కరవాజ్జో ఏమీ మాట్లాడకుండా వీధిలో పోయే జనం వైపు చేయి చూపించి, ప్రకృతి తనకు కావలసినంతమంది గురువులను ఇచ్చిందని అన్నాడట. ఆ దారిన పోతున్న ఒక సోది చెప్పే స్త్రీని సత్రానికి పిలిచి, ఆమె బొమ్మనే వేశాడట. 1603లో ఒక పరువునష్టం దావాలో న్యాయాధికారి ముందు నిలబడినప్పుడు కూడా, ప్రకృతిలో ఉన్నదాన్ని ఉన్నట్లు చక్కగా దింపగలిగినవాడే మంచి చిత్రకారుడని సాక్ష్యం చెప్పాడు.

అతడు పనిచేసే పద్ధతి కూడా వేరు. ముందుగా కాగితం మీద నమూనా గీసుకొని సరిదిద్దుకోవడం అందరి అలవాటు. కరవాజ్జో గీసిన అటువంటి కాగితం ఒక్కటి కూడా మనకు మిగల్లేదు. చీకటి గదిలో మనుషులను నిలబెట్టి, పైనుండి ఒక్క వైపే వెలుతురు పడేలా చేసి, వారిని చూస్తూ నేరుగా కాన్వాసు మీదే రంగు వేసేవాడు. ఆ మనుషులు ఎవరు? కూలీలు, సైనికులు, వీధి పిల్లలు, వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీలు. వారే అతడి పటాలలో అపోస్తలులు, వేదసాక్షులు, దేవదూతలు, చివరకు దేవమాత కూడా.

ఆ కాలం ఎటువంటిదో కొంచెం చెప్పాలి. ట్రెంటు మహాసభ 1563 డిసెంబరులో పవిత్ర స్వరూపాలను గురించి ఒక తీర్మానం చేసింది. పటాలు, స్వరూపాలు విశ్వాసులకు బోధించాలి, భక్తిని పెంచాలి, వాటిలో అసభ్యత ఉండరాదు అని దాని సారాంశం. గుడిలో ప్రతి పటాన్నీ గురువులూ పెద్దలూ ఆ కళ్ళతోనే చూసేవారు. అదృష్టవశాత్తు కార్డినల్ ఫ్రాంచెస్కో మరియా దెల్ మోంతె గారు ఇతడి ప్రతిభను గుర్తించి తమ భవనంలో ఆశ్రయమిచ్చారు. ఆ అండతోనే 1599లో పునీత లూయీ గారి దేవాలయంలో పని దొరికింది. ప్రతిఫలం 400 స్కూదీలు. 1600 జూబిలీ సంవత్సరంలో, యాత్రికులతో రోము కిటకిటలాడుతున్నప్పుడు, మొదటి రెండు పటాలు ప్రక్క గోడలకు ఎక్కాయి.

మత్తయి పిలుపు చిత్రాన్ని మాటలలో చెప్పడం కష్టం. ఒక చీకటి గది, ఒక బల్ల. చుట్టూ ఐదుగురు. వారి బట్టలు యేసుప్రభువు కాలపువి కావు. రెక్కల టోపీలు, పట్టు చేతులు, నడుముకు కత్తులు, అంటే కరవాజ్జో రోజూ చూసే జూదపు గదులలోని మనుషులే. కుడి ప్రక్కనుండి ప్రభువు ప్రవేశించారు. ఆయన శరీరాన్ని చాలామట్టుకు పేతురు గారు కప్పివేశారు. కనబడేది ముఖమూ, చాచిన చేయి. ఆయన తల మీదుగా ఒక వెలుగు ఏటవాలుగా వచ్చి బల్ల దగ్గరి ముఖాల మీద పడుతుంది. ఆ చేయి జాగ్రత్తగా చూడండి. సిస్టీన్ కప్పు మీద ఆదాము చాచిన చేయి అదే. పాత మికెలాంజెలో వేసిన మొదటి ఆదాము చేతిని కొత్త మికెలాంజెలో రెండవ ఆదాముకు ఇచ్చాడు. అతడు పౌలు గారి లేఖలను ఎంత చదివాడో గాని, ఆ చేతిలో వేదశాస్త్రం నిండుగా ఉంది.

ఇంతకూ అందులో మత్తయి ఎవరు? గడ్డం ఉన్న పెద్దమనిషి వేలు చూపిస్తున్నాడు. నన్నా అని తననే చూపుకొంటున్నాడని ఎక్కువమంది అభిప్రాయం. కాదు, అతడు ప్రక్కన తల వంచుకొని నాణేలు లెక్కపెడుతున్న కుర్రవాణ్ణి చూపిస్తున్నాడు, ఆ కుర్రవాడే మత్తయి అని మరికొందరి వాదన. ఫ్రాన్సిస్ పాపుగారు కూడా ఆ డబ్బును వదలలేని చేతిని గురించే ప్రత్యేకంగా మాట్లాడారు. నాకు గడ్డపాయనే మత్తయి అనిపిస్తాడు. కాని ఆ కుర్రవాడు ఇంకా తల ఎత్తలేదు గనుక ఆలోచన అక్కడే ఆగిపోతూ ఉంటుంది.

ఎదుటి గోడ మీద మత్తయి గారి హతసాక్ష్యం. బలిపీఠం మెట్ల దగ్గర పడిపోయిన వృద్ధ గురువు మీద హంతకుడు కత్తి ఎత్తాడు. జనం చెల్లాచెదరవుతున్నారు. దూరంగా, వెనుక చీకట్లో పారిపోతూ ఒక గడ్డం మనిషి వెనుదిరిగి చూస్తాడు. అతడి ముఖంలో జాలి ఉంది, సాయం చేసే ధైర్యం లేదు. ఆ ముఖం కరవాజ్జోదే.

మూడవ పటం, బలిపీఠం మీదిది, పేచీ తెచ్చింది. మొదట వేసిన దానిలో మత్తయి గారు బట్టతల రైతులా, కాలు మీద కాలు వేసుకొని కూర్చుంటే, ఆయన పెద్ద చేతిని దేవదూత పట్టుకొని బడిపిల్లవాడి చేత రాయించినట్లు అక్షరాలు రాయిస్తాడు. మోటు పాదం పూజ చేసే గురువు ముఖానికి ఎదురుగా ఉంటుంది. అది పునీతుడి రూపం కాదని గుడివారు వద్దన్నారని పాత చరిత్రకారులు రాశారు. దానిని ఒక ప్రభువు కొనుక్కున్నాడు, కరవాజ్జో 1602లో ఇంకొకటి వేసి ఇచ్చాడు. ఆ మొదటి పటం చేతులు మారి బెర్లిను చేరి, 1945లో యుద్ధపు మంటల్లో కాలిపోయింది. ఇప్పుడు మనకున్నవి దాని నలుపు తెలుపు ఫోటోలు మాత్రమే.

పాదాల గొడవ అంతటితో పోలేదు. పునీత అగస్తీను గారి దేవాలయం కోసం లొరేతో మాత పటం వేశాడు. గుమ్మంలో మరియమాత బాలయేసును ఎత్తుకొని నిలబడి ఉంటే, ముందు ఇద్దరు ముసలి యాత్రికులు మోకరించి ఉంటారు. చూసేవారి కంటికి మొదట కనబడేది ఆ ముసలివాడి మట్టి కొట్టుకుపోయిన అరికాళ్ళు. ఆ కాళ్ళను గురించి, ఆ ముసలమ్మ మాసిన తలగుడ్డను గురించి రోములో పెద్ద గోల లేచిందని అతడి శత్రువు బాల్యోనె రాశాడు. ఫిబ్రవరిలో గుణదల కొండ ఎక్కే మన యాత్రికులను చూసినవారికి ఆ అరికాళ్ళు కొత్త కావు. మన ఇళ్ళలోని క్యాలెండరు పటాలలో మాత్రం అవి ఎప్పుడూ కనిపించవు.

అన్నిటికంటే పెద్ద తగాదా దేవమాత మరణం చిత్రం మీద వచ్చింది. దానిని కార్మెల్ సభ మఠవాసుల గుడి కోసం ఒక న్యాయవాది వేయించాడు. పొట్టి మంచం మీద ఎర్రని దుస్తులలో మరియమాత చనిపోయి ఉన్నారు. శరీరం కొంచెం ఉబ్బింది. పాదాలు మంచం అంచు దాటి బయటికి ఉన్నాయి. దేవదూతలు లేరు, తెరిచిన ఆకాశం లేదు. తల చుట్టూ సన్నని వెలుగు గీత ఒక్కటే. అపోస్తలులు మాట రాక నిలబడ్డారు. మగ్దలా మరియ చిన్న పీట మీద ముఖం వంచుకొని ఏడుస్తున్నది. ఆమె కాళ్ళ దగ్గర రాగి పళ్ళెం. మఠవాసులు దానిని తీసుకోలేదు. దేవమాతకు నమూనాగా నిలబెట్టింది ఒక వేశ్యను అని నగరంలో చెప్పుకొన్నారు.

ఆ మఠవాసులను నేను వెక్కిరించను. నవదిన ప్రార్థనలకు వచ్చే తల్లులు మోకరించే చోట ఆ పటం పెట్టమంటే నేనూ వెనకాడేవాణ్ణే. అయితే విచారణ గురువుగా వ్యాధిగ్రస్తుల అభ్యంగనానికి వెళ్ళి, చివరి శ్వాస పోయిన గదులలో నిలబడ్డవాడిగా ఒకటి చెప్పగలను. ఆ గది అలాగే ఉంటుంది. మూల ఒక పళ్ళెం, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మగవాళ్ళు, నేల మీద కూలబడ్డ ఒక ఆడకూతురు. పరలోకానికి ఎత్తబడిన మన తల్లి అంతకుముందు అటువంటి గదినే దాటి వెళ్ళిందని అనుకొంటే ఆ పటంలో నాకు అగౌరవం కనిపించదు. ఫ్లాండర్సుకు చెందిన యువ చిత్రకారుడు రూబెన్స్ సలహా మీద మాంతువా ప్రభువు దానిని కొన్నాడు. తీసుకుపోయే ముందు, 1607లో, రోములోని చిత్రకారులందరూ చూడాలని కోరితే ఒక వారం పాటు ప్రదర్శనకు పెట్టారు. ఇప్పుడది పారిసులోని లూవ్రు ప్రదర్శనశాలలో ఉంది.

అన్నీ తిరస్కారాలే అనుకోకండి. పునీత ఫిలిప్పు నేరి గారి సభవారి గుడి కోసం వేసిన ప్రభువు సమాధి పటాన్ని శత్రువులు కూడా మెచ్చుకొన్నారు. బలిపీఠం మీద గురువు దివ్యసత్ప్రసాదాన్ని ఎత్తినప్పుడు, వెనుక పటంలో ప్రభువు శరీరం సరిగ్గా అక్కడికే దిగుతున్నట్లు అమర్చాడు.

ఇక రెండవ కథ. పటం పూర్తికాగానే కొన్ని వారాలు నడుముకు కత్తి కట్టుకొని స్నేహితులతో వీధులు తిరిగేవాడు. రోము పోలీసుల పాత కాగితాలలో అతడి పేరు పదే పదే వస్తుంది. అనుమతి లేకుండా కత్తి ధరించినందుకు, భటుల మీద రాళ్ళు విసిరినందుకు, ఒక నోటరీని వెనుకనుండి కొట్టినందుకు. 1604లో భోజనశాలలో వడ్డించేవాడు ఆర్టిచోక్ కూర ఎనిమిది ముక్కలు తెచ్చాడు, నాలుగు వెన్నవి, నాలుగు నూనెవి. ఏవి ఏవో చెప్పమంటే వాసన చూసి తెలుసుకోమన్న ధోరణిలో జవాబిచ్చాడు. పళ్ళెం అతడి ముఖాన పగిలింది. నవ్వు వచ్చే సంగతే. రెండేళ్ళ తరువాత జరిగినది నవ్వు వచ్చేది కాదు. 1606 మే 28న రానుచ్చో తొమాస్సోని అనే యువకుడితో కత్తియుద్ధం జరిగింది. ఆటలో పందెం అన్నారు కొందరు, పాత కక్ష అన్నారు కొందరు. తొడ నరం తెగి రానుచ్చో చనిపోయాడు. కరవాజ్జోకు మరణశిక్ష వేశారు. ఎవరికి చిక్కినా వారే ఆ శిక్ష అమలు జరపవచ్చు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివినవారికి పునీత తోమాసు అక్వినాసు గారి ఒక సూత్రం గుర్తుంటుంది. కళ అనేది చేసిన వస్తువును మంచిదిగా చేస్తుంది, చేసేవాణ్ణి మంచివాడుగా చేయడం దాని పని కాదు. వడ్రంగి తాగుబోతైనా బల్ల గట్టిగా ఉండవచ్చు. కరవాజ్జో విషయంలో ఈ జవాబు సగమే సరిపోతుందని నాకనిపిస్తుంది. వడ్రంగి తాగుడు బల్లలో కనిపించదు. ఇతడు చేసిన తప్పులూ పడిన భయమూ మాత్రం ఆ పటాలలోకే వచ్చి కూర్చున్నాయి.

బాల్యం నుండి అండగా ఉన్న కొలొన్నా వంశంవారు అతణ్ణి దాచి, నేపుల్సు చేర్చారు. అక్కడ కొందరు యువకులు పేదలకు సాయం చేయడానికి పియో మోంతె అనే సంఘం పెట్టి గుడి కట్టుకొన్నారు. వారి కోసం ఏడు కారుణ్య కార్యాలను ఒకే పటంలో, ఒకే ఇరుకు సందులో వేశాడు. చెర గోడ కంతలోనుండి ముసలి తండ్రికి పాలిచ్చే కూతురు, అంగీ చించి ఇచ్చే పునీత మార్టిను, దివిటీ వెలుగులో సమాధికి మోసుకుపోతున్న శవం పాదాలు. పైనుండి బిడ్డతో దేవమాత తొంగి చూస్తుంటారు. మనిషిని చంపి ఇంకా ఏడాది కాకుండానే వేసిన పటమది. ఇప్పటికీ అదే బలిపీఠం మీద ఉంది.

1607లో మాల్టా ద్వీపం చేరాడు. యోహాను గారి సభకు చెందిన వీరులు అక్కడ పరిపాలకులు. హంతకుణ్ణి సభలో చేర్చుకోవడానికి వారి మహానాయకుడు రోమునుండి ప్రత్యేక అనుమతి తెప్పించాడు. 1608 జూలై 14న కరవాజ్జో వీరుడయ్యాడు. అక్కడి ప్రార్థనాలయానికి బప్తిస్మ యోహాను గారి శిరచ్ఛేదం వేశాడు. ఎత్తు సుమారు 12 అడుగులు, వెడల్పు 17 అడుగులు, అతడి పటాలన్నిటిలో పెద్దది. చెరసాల ముంగిట యోహాను గారు నేల మీద పడి ఉన్నారు. మెడనుండి కారిన నెత్తుటితోనే చిత్రకారుడు తన పేరు రాశాడు. అతడు సంతకం చేసిన పటం అదొక్కటే. నెల తిరిగేసరికి మళ్ళీ కొట్లాట, మళ్ళీ చెర. కోటలోనుండి తప్పించుకొని పోయాడు. డిసెంబరు 1న సభవారు ఆ పటం ఉన్న గదిలోనే సమావేశమై, కుళ్ళిన అవయవాన్ని కోసివేసినట్లు అతణ్ణి వెలివేశారు.

సిసిలీలో నగరం తరువాత నగరం. సిరాకూసులో పునీత లూచియమ్మ గారి భూస్థాపన, మెస్సీనాలో లాజరు పునర్జీవనం. గోతులు తవ్వేవాళ్ళు పెద్దగా, పునీతురాలు చిన్నగా, సగం కాన్వాసు ఖాళీ గోడ. ఆ ద్వీపానికి చెందిన ఒక రచయిత తరువాతి కాలంలో రాసిన ముచ్చట ఇది. మెస్సీనా గుడిలో ఎవరో తీర్థజలం అందించబోతే, ఇది దేనికి అని అడిగాడట. స్వల్ప పాపాలు పోతాయని చెప్పారట. అయితే తనకు అక్కర లేదని, తనవన్నీ చావైన పాపాలేనని అన్నాడట. ఇది జరిగిందో, కల్పనో, అతణ్ణి ఎరిగినవారు నమ్మదగినదిగానే తోచి ఉంటుంది. దీనిని గర్వం అనే వారున్నారు. నాకు మాత్రం పాపసంకీర్తన పీటకు నాలుగడుగుల దూరంలో ఆగిపోయినవాడి మాటలా వినిపిస్తుంది.

1609లో నేపుల్సుకు తిరిగి వచ్చాడు. ఒక సత్రం గుమ్మం దగ్గర కాపుకాసిన మనుషులు ముఖం గుర్తుపట్టలేనంతగా నరికారు. చనిపోయాడనే వార్త రోము వరకు వెళ్ళింది. చనిపోలేదు, బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. గొల్యాతు తల పట్టుకొన్న దావీదు పటం ఈ చివరి సంవత్సరాలదే. తెగిన తల అతడిదే. నోరు తెరుచుకొని, ఒక కన్ను ఇంకా ఆరనట్లుంటుంది. గెలిచిన దావీదు ముఖంలో సంతోషం లేదు, ఆ తలను జాలిగా చూస్తున్నాడు.

ఐదవ పౌలు పాపుగారి మేనల్లుడు కార్డినల్ షిపియోనె బొర్గెసె గారి ద్వారా క్షమాపణ ప్రయత్నాలు సాగుతున్నాయి. 1610 జూలైలో కొన్ని పటాలు పడవలో వేసుకొని రోముకు బయలుదేరాడు. దారిలో పాలో రేవులో కాపలావారు పట్టుకొని ఉంచేశారు. విడుదలయ్యేసరికి పడవ పటాలతో సహా వెళ్ళిపోయింది. జూలై 18న పోర్తొ ఎర్కొలె అనే ఊళ్ళో జ్వరంతో చనిపోయాడు. అదే ఏడాది నవంబరు 1న, అతడి చిన్ననాటి నగరంలో మహమ్మారి మధ్య నిలబడ్డ చార్లెస్ బొరోమియో గారిని తిరుసభ పునీతులుగా ప్రకటించింది.

తరువాత మూడు వందల ఏళ్ళు అతణ్ణి లోకం దాదాపు మరచిపోయింది. 1951లో మిలానులో అతడి పటాలతో పెద్ద ప్రదర్శన పెట్టాకే మళ్ళీ జనం బారులు తీరారు. ఇంకా ఒక ఆశ్చర్యం మిగిలింది. ఐర్లండు రాజధాని డబ్లినులో యేసు సభ గురువుల ఇంటి భోజనశాల గోడ మీద ఏళ్ళ తరబడి ఒక నల్లబడిన పాత పటం వేలాడుతుండేది. 1930ల ప్రాంతంలో ఒక లేడీ డాక్టరు, భర్త హత్యకు గురైన తరువాత తనను ఓదార్చిన గురువులకు కృతజ్ఞతగా ఇచ్చినదది. ఎవరో డచ్చి చిత్రకారుడిదని అనుకొనేవారు. 1990లో శుభ్రం చేయించాలని నిపుణుణ్ణి పిలిస్తే, అది రెండు వందల ఏళ్ళుగా కనబడకుండా పోయిన కరవాజ్జో పటమని తేలింది. గురువులు దానిని అమ్ముకోలేదు. 1993నుండి ఆ దేశపు జాతీయ ప్రదర్శనశాలలో అందరూ చూసేలా ఉంచారు. గెత్సెమనే తోటలో యూదా ముద్దు పెడుతున్నాడు, ఇనుప కవచాల భటులు ప్రభువు మీద పడుతున్నారు. కుడివైపు చివరన, వారి వెనుక ఒక మనిషి మడమలెత్తి, కుడిచేత్తో లాంతరు పైకెత్తి పట్టుకొని ప్రభువు ముఖం చూడాలని ప్రయత్నిస్తున్నాడు. ఆ లాంతరు పట్టుకొన్నవాడి ముఖం కూడా కరవాజ్జోదే.